గోడ తిన్న గాలి

ఫాల్గుణ బహుళ తదియ

ఈశాన్యం గాలి. మంచు పొడి లేచి కళ్లలో పడుతోంది. పొద్దు మబ్బులోనే ఉంది. పొద్దున్నే సముద్రం మంచు మీదున్న నీటిపాకకు పోయి, నీళ్లు చూసే బెజ్జం మీద కట్టిన మంచును గడపారతో పగలగొట్టాను. మీటర్ ముల్లు అడుగునే ఉంది. మంచు కింద నీళ్లు పులిస్తే ఈ బెజ్జంలోంచి బొగ్గుపులుసు గాలి పైకి వస్తుంది, ముల్లు లేస్తుంది. లేవలేదు కాబట్టి నీళ్లు బాగున్నట్టే. పులుపు విరగడానికి పోసే సున్నం ఇవాళ కూడా పోయలేదు. వచ్చేటప్పుడు పాక గోడ తగిలి చొక్కా భుజమంతా తెల్లగా అయింది. ఉతికేది తనేనని నా భార్య మస్తానమ్మ గుర్తు చేసింది.

మధ్యాహ్నం పక్కింటి కృపానందం, నేను సున్నం బస్తాలు బండికెత్తాం. తూర్పు కయ్యకు పంపాలి. ఒడ్డుకూ ఇసుక మేటకూ మధ్య బోర్డు ఒక్కొక్కరికి అప్పగించిన సముద్రపు ముక్కను మేం కయ్య అంటాం. తూర్పు కయ్య మస్తానమ్మ తమ్ముడు మునెయ్యది. అక్కడ ముల్లు పైకెక్కి దిగడం లేదు. మీ నీళ్లు బాగున్నాయి, మీ సున్నంలో ఎక్కువ భాగం వాళ్లకివ్వండి అని బోర్డు ఆఫీసరు వినీల గారు రేడియోలో చెప్పారు. సున్నం తెచ్చే ఓడ మళ్లీ ఆషాఢంలోనే.

"లోకంలో అత్తగారోళ్లు అల్లుడికి పెడతారు. నువ్వేందబ్బా, తిరగేసి బామ్మర్దికి సారె పంపిస్తుండావు" అన్నాడు కృపానందం బస్తా భుజానికెత్తుకుంటూ.

"చీర కూడా పెడదామా?" అన్నాను.

"పెట్టు. మునెయ్య కట్టుకుంటే నేను చూడాల."

బండి చీకటి పడకముందే పోయింది.

ఫాల్గుణ బహుళ అష్టమి

గాలి తగ్గింది. చలి ఎక్కువ. మేట వైపు బర్మాతో కొత్త బెజ్జం వేసి, సముద్రం అడుగున మేం గుల్లలు పెంచే సంచి ఒకటి పైకి లాగాను. ఏడాదికోసారి ఇట్లా చూసుకుంటాం. ఇవి మూడో ఏటి పిల్లలు. బొటనవేలి గోరంత ఉన్నాయి.

చేతిలోకి తీసుకుంటే నున్నగా లేవు. మెరుపు లేదు. అంచు పట్టి నొక్కితే పొడి అయింది. రెండో సంచి తీశాను. అందులోనూ అంతే. లోపల జీవి ఉంది, ముట్టుకుంటే ముడుచుకుంటోంది. పైన ఇల్లు కరిగిపోతోంది.

పాకకు పోయి మీటర్ చూశాను. ముల్లు అడుగునే ఉంది. వేలితో తట్టాను. కదల్లేదు.

మంచు విడిచాక బోర్డు ఓడ వచ్చి సంచులు తీసి చూస్తుంది. గుల్లలు బతికి ఉంటే మేం ఇక్కడ ఉంటాం. చచ్చి ఉంటే కయ్య మూసేస్తారు, ఆరిళ్లవాళ్లం ఓడెక్కాలి. పడమటి కయ్యను అట్లాగే మూశారు. ఇప్పుడక్కడ ఖాళీ ఇళ్లున్నాయి, తలుపులు కూడా ఊడదీసుకుపోయారు.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

మబ్బు. వినీల గారితో మాట్లాడాను. ఆమె విసుక్కోకుండా అన్నీ విన్నారు.

"పోలయ్య గారూ, మీటర్ ప్రకారం నీళ్లు చాలా బాగున్నాయి. ఇది జబ్బు అయి ఉండొచ్చు. కొన్ని గుల్లలు గడ్డకట్టించి ఉంచండి, ఓడలో పంపుదురుగాని."

"కొంచెం సున్నం పోసి చూడమంటారా?"

"వద్దండీ. పులుపు లేని నీళ్లలో సున్నం పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. పోసిందే కాదు, నీళ్లలో ముందునించీ కరిగి ఉన్నది కూడా గట్టిపడి అడుగుకు దిగిపోతుంది. ఉన్నదీ పోతుంది."

అది నిజమే. రెండేళ్ల కింద ఇసుక మేట అవతల ఒకరు అట్లాగే చేసుకున్నారు.

ఇంట్లో గుల్ల పిల్లల్ని పళ్లెంలో పోశాను. మస్తానమ్మ తల్లి, మా అత్త చెంగమ్మ కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూసింది. గోటితో గీకింది.

"రోగమంటే ఒగదానికి వస్తుంది, ఒగదానికి రాదు" అంది. "ఇది అన్నిట్నీ ఒగేమాదిరి తినింది. నిమ్మకాయ పిండినట్టుండాది అబ్బయ్యా."

"మీటర్ బాగుందంటుంది అత్తా."

"మీటర్‌కి గుల్ల ఉండాదా కరగడానికి?" అని పళ్లెం నా చేతికిచ్చింది.

ఫాల్గుణ అమావాస్య

పొద్దున తెరిపిగానే ఉంది. పాకలో వేడిగొట్టం పాడైతే బాగుచేయడానికి నేను, మస్తానమ్మ పోయాం. పనిలో ఉండగా మంచుగాలి కమ్ముకుంది. తలుపు తీస్తే చెయ్యి చాచిన దూరం కనిపించలేదు. బిగించుకుని లోపలే కూర్చున్నాం. గాలి తగ్గేదాకా చేసేదేం లేదు. మస్తానమ్మ తెచ్చిన రొట్టె తిన్నాం. ఆమె చిరిగిన వల ముక్క ఒకటి తీసి కుట్టడం మొదలుపెట్టింది. నేను మీటర్‌కు ఎదురుగా కూర్చున్నాను.

చాలాసేపటికి నాకు అనుమానం వచ్చింది.

"మేయ్" అన్నాను. "మనం ఇద్దరం ఎంతసేపటినించీ ఊపిరి పీలుస్తున్నాం?"

"పీల్చకుండా ఉండమంటావా?"

"అది కాదు. తలుపు మూసుంది. ఇద్దరం వదిలే ఊపిరి అంతా ఈ పాకలోనే ఉంది. ముల్లు లేవాలి కదా."

ఆమె వల దించింది. లేచి మీటర్ దగ్గర నోరు పెట్టి గట్టిగా ఊదింది. ముల్లు పైదాకా లేచింది. అంటే మీటర్ చెడిపోలేదు. మేం చూస్తుండగానే ముల్లు దిగడం మొదలుపెట్టింది. టీ చల్లారేలోపే అడుగుకు పోయి ఆగింది. ఆమె మళ్లీ ఊదింది. మళ్లీ దిగింది.

"యాడికి పోతుండాది?" అంది.

పాకలో ఎక్కడా సందు లేదు. పోయిన కార్తీకంలో మంచు కదిలి పాత రేకు పాక నలిగిపోతే, నది కొట్టుకొచ్చిన మానులు కోసి మేమే పలకలతో దీన్ని కట్టాం. సందులన్నీ కూరి మూశాం.

మస్తానమ్మ చేతితొడుగు తీసి గోడ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా, తెల్లగా వచ్చింది. ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

"గోడ తింటుండాది" అంది మెల్లగా. "మన ఊపిరి గోడ తింటుండాదయ్యా."

మాఘంలో పొద్దు మొదటిసారి కనిపించే ముందు మేం కట్టిన ప్రతిదానికీ వెల్ల వేస్తాం. అన్నాళ్ల చీకటి తర్వాత వచ్చే పొద్దుకు ఇళ్లు తెల్లగా కనిపించాలని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. రేకు మీద సున్నం నిలవదని పాత పాకను వదిలేసేవాళ్లం. ఈ ఏడు పాక చెక్కది. పచ్చి చెక్క పీల్చుకుంటోందని అత్త మూడు పూతలు వేయించింది, ఎర్రమన్నుతో అంచు కూడా దిద్దింది. లోపల ఎప్పుడూ ఆవిరే. ఆ సున్నం ఇంకా ఆరలేదు. తడి సున్నం బొగ్గుగాలిని పీల్చుకుని గట్టిపడుతుందని మా అందరికీ తెలుసు. అది మా ఇంటి పనే. బెజ్జంలోంచి వచ్చిందంతా గోడ తింటుంటే మీటర్‌కు ఏం మిగులుతుందని ఒక్కరికీ తట్టలేదు.

గాలి ఆగలేదు. మా కాళ్ల కింద, మంచు కింద, గుల్లలు కరుగుతూనే ఉన్నాయి.

చైత్ర శుద్ధ పాడ్యమి

ఉగాది. తెల్లారి గాలి ఆగింది. ఎవరూ తలంట్లు పోసుకోలేదు. మేట దగ్గర బెజ్జం మీద పెద్ద ప్లాస్టిక్ బాన బోర్లించి, దాని లోపల మీటర్ వేలాడదీశాను. కాసేపాగి ఎత్తి చూస్తే ముల్లు చివరిదాకా పోయి ఆనుకుని ఉంది.

రేడియోలో చెబితే వినీల గారు, "లోపలి గోడలకా?" అని అడిగారు.

"అవునండీ. మూడు పూతలు."

"వెంటనే పొయ్యండి. ఉన్నదంతా పొయ్యండి. సున్నపు తేట మాత్రమే, ఒక్కచోట కాకుండా పరిచి పొయ్యండి. నది వైపు నుంచి పులిసిన నీళ్లు వస్తూనే ఉంటాయి, ఎండకు నాచు పెరిగేదాకా అవి తగ్గవు." ఆఖర్న, "తూర్పు కయ్యకు పంపమన్నది నేనే కదా" అన్నారు.

మా కొట్టంలో మిగిలింది కొంచెమే. ఈ పూట అందులో సగం నానబెట్టాం.

చైత్ర శుద్ధ చవితి

కృపానందం బండిలో తూర్పు కయ్యకు పోయాను. దారిలో మంచు ఒకచోట పగిలి నీళ్లు పైకి వచ్చాయి. చుట్టు తిరిగి పోయాం.

మునెయ్య వాకిట్లోనే ఉన్నాడు. విషయం చెప్పాను.

"అయ్యో బావా" అన్నాడు. "నేను అప్పుడే చాలా మటుకు పోసేస్తినే. నా గుల్లలు ఇప్పుడిప్పుడే తేరుకుంటుండాయి."

"మిగిలింది చూడు."

లోపలికి పోయి, బండిలో ఒక మూలకు సరిపోయేన్ని బస్తాలు తెచ్చి వేశాడు.

"ఇంతేనా?" అన్నాడు కృపానందం. "ఇచ్చేటప్పుడు బండి విరిగేంత ఇస్తిమే. తీసుకునేటప్పుడు బండి నవ్వుతుండాది."

"కొట్టం చూపిస్తా రా, నమ్మకపోతే."

నేను చూడలేదు. బామ్మర్ది కొట్టం తలుపు తీసి చూడడం నా వల్ల కాలేదు. వస్తూ ఉంటే, "అమ్మ బాగుండాదా?" అని అడిగాడు. బాగుందన్నాను.

చైత్ర శుద్ధ అష్టమి

సున్నం అయిపోయింది. కయ్య పొడుగునా బెజ్జాలు వేసి తేట పోశాం. ముల్లు కొంచెం దిగింది, నిన్నటినించీ మళ్లీ లేస్తోంది. ఇవాళ తీసిన సంచిలో కొన్ని చచ్చి ఉన్నాయి.

సాయంత్రం అందరూ మా ఇంట్లో కూర్చున్నారు. ఎవరూ అనకముందే అందరూ గుల్లల కట్ట గురించే ఆలోచిస్తున్నారు. అది మా ఆరిళ్ల చుట్టూ ఉంది. వచ్చినప్పటినించీ తిన్న గుల్లలూ చచ్చిన గుల్లలూ పోసి పోసి మనిషెత్తు చేశాం. గాలికి అదే అడ్డం.

"గుల్లలు అట్నే నీళ్లలో గుమ్మరిస్తే?" అన్నాడు కృపానందం.

"అవి కరిగేలోపు నీ మనవళ్లు ముసలోళ్లవుతారు" అంది చెంగమ్మ. "కాల్చాల."

మా తాతలు పులికాట్ ఒడ్డున గుల్ల ఏరి బట్టీలో కాల్చి సున్నం చేసినవాళ్లు. ఆ ఒడ్డు మునిగాక, సున్నం పని తెలిసినవాళ్లని బోర్డు మమ్మల్ని ఈ ఉత్తరపు మంచు సముద్రానికి తెచ్చింది. తెచ్చినా బట్టీ మాత్రం పెట్టనివ్వదు. గుల్లను కాలిస్తే అందులో ఉన్న బొగ్గుగాలి అంతా పైకి పోతుంది. గాలిలోని బొగ్గుగాలిని సముద్రం చేత మింగించడమే మా పని, ఇది మింగించిందాన్ని మళ్లీ కక్కించినట్టే. ఓడలో వచ్చే సున్నాన్ని ఎక్కడో మూసిన బట్టీల్లో కాల్చి, ఆ గాలిని పట్టి భూమిలో పూడుస్తారు. బయట బట్టీ ముట్టించిన మనిషిని మొదటి ఓడలో పంపేస్తారు, మళ్లీ ఈ నీళ్ల మీదికి రానివ్వరు. ఆ నియమంలో తప్పేం లేదు. అందరూ కాలిస్తే ఈ పనికే అర్థం లేదు.

"నేను ముట్టిస్తా. బోర్డుకిచ్చే పుస్తకంలో నా పేరు రాసుకుంటా" అన్నాను.

"నువ్వు పోతే కయ్య ఎవరు చూస్తారు?" అంది అత్త. "అయినా మగోడు ముట్టిస్తే అది బట్టీ ఎట్టా అవుతుంది? ఇంటికి పెద్దది ముట్టించాల. మా అమ్మ ముట్టించింది, మా అవ్వ ముట్టించింది. ఇప్పుడు పెద్దదాన్ని నేను."

"అమ్మా, గమ్మునుండు" అంది మస్తానమ్మ.

"నువ్వుండు. పాకకి మూడు పూతలెయ్యమనింది ఎవురు?"



చైత్ర శుద్ధ ఏకాదశి

పడమటి గాలి, బట్టీకి మంచిది. మూడు రోజులుగా అందరం కట్ట తవ్వి గుల్లలు మోశాం. నది మానులు ఒక వరస, గుల్లలు ఒక వరస, గులకరాళ్ల మీద గుండ్రంగా పేర్చాం. చెంగమ్మ చుట్టూ తిరిగి రెండు చోట్ల విప్పించి మళ్లీ పేర్పించింది. పొద్దున నిప్పు పెట్టింది.

మధ్యాహ్నానికి రేడియో పిలిచింది. పైనుంచి చూసే ఉపగ్రహం కంటికి మంట కనిపించింది.

"పోలయ్య గారూ, అక్కడేం కాలుతోంది?"

నేను నోరు తెరిచేలోపు అత్త నా చేతిలోంచి తీసుకుంది.

"నేనమ్మా, చెంగమ్మని. పోలయ్య అత్తని. బట్టీ ముట్టించినా."

"ఎవరు ముట్టించమన్నారమ్మా?"

"నాకు ఒకరు చెప్పాల్నా?"

"ఇప్పుడే ఆర్పేస్తే హెచ్చరికతో పోతుంది. నేను అట్లాగే రాస్తాను. దయచేసి ఆర్పించండి."

"సగం కాలింది గుల్లా కాదు, సున్నమూ కాదు తల్లీ. ఆర్పితే రెండూ పోతాయి. నువ్వు రాసేది రాసుకో. పేరు సరిగ్గా రాయి, చెంగమ్మ."

వినీల గారు సరేనన్నారు. నియమం ఏమిటో చదివి వినిపించారు. అత్త మొత్తం విని, పెట్టేసి, బట్టీ దగ్గరికి పోయింది.

చైత్ర పౌర్ణమి

కట్ట పోయాక గాలి నేరుగా ఇళ్లకు తగులుతోంది. కృపానందం ఇంటి కప్పు ఒక పక్క లేచింది. పిల్లలందర్నీ మా ఇంట్లో పడుకోబెట్టాం.

సున్నం బాగా వచ్చింది. తొట్లలో నీళ్లు పోస్తే బుసబుసమని పొంగింది. ఆ వేడికి తేట గడ్డకట్టకుండా ఉంది. మడ్డిని ఒడ్డు మీదే వదిలి తేట మాత్రం తోడి, బెజ్జం బెజ్జానికీ కొంచెం కొంచెం పోస్తూ పోయాం. ఒకచోట నీళ్లు తెల్లబడబోయాయి. చెంగమ్మ అరిచింది, ఆపేశాం. అక్కడినించి ఇంకా పలచన చేశాం. మంచు మెత్తబడుతోంది. మస్తానమ్మ కాలు మోకాలిదాకా దిగింది. లాగాను. చెప్పు మార్చుకుని వచ్చి మళ్లీ కుండ ఎత్తుకుంది.

ఆ పనిలో ఉండగా మునెయ్య బండి వచ్చింది. వాళ్ల వైపునించి పొగ చూశాడు. బండి మీద గుడ్డ కప్పి ఉంది. దిగి బట్టీ వైపు చూశాడు.

"ముట్టించింది ఎవురు?" అన్నాడు.

"అమ్మ" అంది మస్తానమ్మ.

అతను గుడ్డ తీశాడు. బండి నిండా సున్నం బస్తాలు. మేం పంపినవే, మూతి కట్టిన తాళ్లు కూడా మావే.

"లేవంటివే" అంది మస్తానమ్మ.

"మా గుల్లలు మళ్లీ చెడతాయేమోనని దాచి పెట్టుకోనుండా."

చెంగమ్మ చేతులు దులుపుకుని వచ్చి కొడుకు మొహం చూసింది.

"తెచ్చినోడివి దించు. నిలబడి చూడబాక. తడిస్తే ఇంటికి పనికి రాదు, కయ్యకీ పనికి రాదు."

మునెయ్య బస్తాలన్నీ ఒక్కడే దించాడు. సాయం పోతే వద్దన్నాడు. ఇవే చవితి నాడు వచ్చి ఉంటే నిప్పు పెట్టే పని ఉండేది కాదు.

వైశాఖ శుద్ధ దశమి

పొద్దు గుంకడం లేదు. మంచు అడుగున నాచు పచ్చగా పట్టింది. ముల్లు దిగి, అక్కడే నిలిచింది. మీటర్ ఇంకా బాన కిందే ఉంది. పాక గోడలు మస్తానమ్మ, నేను చెక్క కనిపించేదాకా గీకాం.

సంచి తీశాను. మూడింట ఒక వంతు చచ్చాయి. మిగిలినవాటికి అంచున కొత్త గీత ఉంది, సన్నగా, గట్టిగా. నొక్కితే గోరుకు తగిలింది. ఒకటి తెచ్చి అత్తకు చూపించాను. పంటి కింద పెట్టి చూసి బయటికి తీసి, "ఉంటాది" అంది.

ఆషాఢ శుద్ధ విదియ

దక్షిణం గాలి, పలచని పొగమంచు. మంచు విడిచింది. ఓడ పొద్దున్నే వచ్చి మేట అవతల నిలిచింది. బోర్డు మనుషులు రెండు కయ్యల్లోనూ సంచులు తీసి చూశారు. మా కయ్య తెరిచే ఉంటుందన్నారు. తూర్పుదీ అంతే. వాళ్లు తెచ్చిన సున్నం కొట్టంలో వేశాం. గుల్లల కట్ట మళ్లీ మొదలుపెట్టాం, ఇప్పటికి చీలమండ ఎత్తుంది.

చెంగమ్మ బట్టలు ఒక సంచిలో పట్టాయి. "మాఘంలో ఇళ్లకి వెయ్యండి. పాకకి మాత్రం ఎయ్యబాకండి" అని చెప్పింది.

మధ్యాహ్నం పోటుకు చెంగమ్మ ఓడ ఎక్కింది. అమ్మ సంచి పట్టుకుని మునెయ్య కూడా ఎక్కాడు. అతన్ని ఎవరూ పొమ్మనలేదు. తూర్పు కయ్యకు మనిషి లేడు కాబట్టి, పోటు తియ్యకముందే మస్తానమ్మ దాన్ని చూసుకోవడానికి చిన్న పడవ వేసుకుని అటు వెళ్లింది.